దూడకు నీళ్ళు పెట్టు చేతులు



పిల్లలకు జంతువులయెడ దయను, ఆ దయతోపాటు బాధ్యతను నేర్పుట యెట్లు అను విషయమును గూర్చి ఈనాడు కొన్ని మాటలు మనవి చేయుదును. ఈ విషయమును పట్టణమందలి సభామందిరమునుండి గాక, గుమ్మలక్ష్మీపురము కొండలనుండి చూడవలెనని నా కోరిక. పార్వతీపురము మన్యము జిల్లాలో, ఒడిశా సరిహద్దున, తూర్పు కనుమల వాలులమీద నున్న మండలమిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది విజయనగరము జిల్లాలోనిదై యుండెను. భద్రగిరి, ఎల్విన్‌పేట మొదలగు ఊళ్ళును, వాటికి ఎగువన కొండచరియలలో చిన్నచిన్న గూడలును గల ఈ సీమలో సవరలు, జాతాపులు తరతరములుగా కాపురముండి, పోడు కొండమీద కొర్రలు, చోళ్ళు, కందులు పండించుకొని జీవించుచున్నారు.

ఈ గూడలలో ఇల్లన్నది మనుష్యులకు మాత్రమే చెందినది కాదు. వసారాలో ఒక మూల మేకపిల్ల కట్టబడి యుండును. గంపక్రింద పిల్లలకోడి యుండును. వాకిట కావలికుక్క పండుకొని యుండును. ఇంటివెనుక దడిలోపల ఆవులు నెమరు వేయుచుండును. తెల్లవారగానే గంప యెత్తి కోళ్ళను విడుచుటయు, ప్రొద్దు గ్రుంకువేళ వాటిని పిలిచి, లెక్క చూచుకొని, మరల కమ్ముటయు ఇంటి పసిపిల్ల పని. ఒక కోడిపెట్ట తక్కువైనచో ఆ పిల్లకు అన్నము సహించదు. ఆవు ఈనునపుడు దీపము పట్టుకొని నిలుచువాడు ఇంటి బాలుడే. పుట్టిన దూడ మూతిమీది మాయ పొరను తాత తుడుచుచుండగా వాడు కన్నార్పక చూచును. దూడ మొదట ఎట్లు లేచినది, ఎన్నిమార్లు తూలి పడినది, తల్లి పొదుగును ఎట్లు వెదకుకొన్నది అను సంగతులను వాడు ఏ పుస్తకములోను చదువలేదు. అయినను వానికంటె బాగుగా చెప్పగల ఉపాధ్యాయుడు లేడు.

ఇట్టి పిల్లలయొద్దకు పోయి జంతువులను ప్రేమింపుడని బోధించుట నిరర్థకమని కొందరు తలపవచ్చును. నేను అట్లు తలపను. అయితే ఆ బోధ ఎక్కడ మొదలు కావలెనో ముందుగా తెలిసికొనవలెనని మాత్రము చెప్పుదును. పట్టణములలో జంతువులయెడ ప్రేమ యనగా తరచుగా ముద్దుచేయుటగా మారినది. పుట్టినరోజునాడు కుక్కపిల్లను కొనితెచ్చి యిత్తురు. అది పెరిగి పెద్దదై, గోడలు గీరి, రాత్రులు మొరుగ నారంభించినపుడు దానిని ఊరి వెలుపల విడిచి వత్తురు. ఆ పిల్లవాడు దానితో ఆడుకొనెనే గాని, దాని నీటి పళ్లెమును ఒకనాడైనను కడిగి యెరుగడు. గూడలోని పిల్లవాడు దూడను ముద్దాడునో లేదో గాని, సాయంకాలము దానికి నీళ్ళు పెట్టక నిద్రపోడు. ఈ రెండింటిలో రెండవదానినే నేను దయ యందును. ప్రతిదినము, మనసున్నను లేకున్నను, వాన కురిసినను ఎండ కాసినను, ఒక మూగజీవి ఆకలిదప్పులను తన పూచీగా ఎంచుకొని తీర్చు అలవాటునుండియే దయ పుట్టును, దానివలననే అది నిలుచును. కావున పిల్లలకు దయను నేర్పదలచినవారు మొదట వారి చేతికి ఒక పనిని, వారి వయస్సుకు తగిన పనిని, అప్పగింపవలయునని నా నిశ్చితాభిప్రాయము.

ఈ భావము ఈ నేలకు కొత్తది కాదు. గుమ్మలక్ష్మీపురమునకు ఈశాన్యముగా, సరిహద్దునకు ఆవలనున్న గంజాము జిల్లాలో జౌగడ అను చోట ఒక శిల కలదు. ఇరువది రెండు శతాబ్దములకు పూర్వము, కళింగ యుద్ధమునందలి రక్తపాతమునకు పరితపించిన అశోక చక్రవర్తి, ఆ కళింగులే చదువుకొనునట్లు తన ధర్మశాసనములను ఆ శిలమీద చెక్కించెను. వానిలో మొదటిది నన్ను ఎల్లపుడును ఆశ్చర్యపరచును. తన వంటశాలలో పూర్వము దినదినము లెక్కకు మిక్కిలి ప్రాణులు వధింపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక లేడి మాత్రమే, అందును లేడి ప్రతిదినమును గాక, వధింపబడుచున్నవనియు, ఇకమీదట ఆ మూడును వధింపబడవనియు ఆ సార్వభౌముడు దాచక ప్రకటించెను. ఒక్కనాటిలో పరిపూర్ణుడనైతినని ఆయన చెప్పుకొనలేదు. ఎంత తగ్గించితినో, ఇంకను ఎంత మిగిలినదో ప్రజలయెదుట లెక్క చెప్పెను. పిల్లలకు ఏ సద్గుణమును నేర్పునపుడైనను ఇంతకంటె యోగ్యమైన పద్ధతి నాకు కానరాదు.

ఆ శిలమీది రెండవ శాసనమునందు విషయము మరింత ముందునకు పోవును. మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స అని రెండు విధములైన చికిత్సలను తాను ఏర్పాటు చేసితిననియు, మందుమొక్కలు లేనిచోట్లకు వాటిని తెప్పించి నాటించితిననియు, మనుష్యుల యొక్కయు పశువుల యొక్కయు ఉపయోగము కొరకు బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు అందులో నున్నది. చంపకుండుట ఒక మెట్టు. రోగము వచ్చినపుడు మందు, దప్పి వేసినపుడు నీరు, ఎండ కాసినపుడు నీడ సమకూర్చుట దానికి పైమెట్టు. చక్రవర్తి తన రాజ్యమంతటికిని చేసిన ఆ పనినే పదేండ్ల బాలిక తన దడిలోని రెండు మేకలకు చేయగలదు, చేయుచున్నది కూడ.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పిల్లలకు పశువుల పూచీ అప్పగింపుడని నేను చెప్పినది విని, బడి మానిపించి మందవెంట పంపుటకు ఎవరును దీనిని సాకుగా గైకొనరాదు. ఈ కొండలలో ఎందరు బుద్ధిమంతులైన పిల్లలు పశువుల కాపరులై అక్షరమునకు దూరమైరో పెద్దలకు తెలియని సంగతి కాదు. మంద మేపుట పెద్దల పని. అది పొద్దస్తమానము సాగెడు శ్రమ. పిల్లల వంతు ఉదయము ఒక గడియ, సాయంకాలము ఒక గడియ. కుడితి తొట్టి కడుగుట, మేత వేయుట, చెవుల వెనుకను పొదుగు ప్రక్కలను పిడుదులు పట్టినవేమో చూచుట, కాలిగిట్టల సందున రాయో ముల్లో దిగబడినదేమో పరీక్షించుట, తడిసిన చెత్త తీసి పొడి గడ్డి పరచుట, ఇంతవరకే. ఈ పనులను పెద్దవాడొకడు దగ్గర నిలిచి చేయింపవలెను. ఒంటరిగా చేయు పని బిడ్డకు శిక్ష యగును. తాతతోనో, అక్కతోనో కలిసి చేయు పని చదువగును.

ఆశ్రమ పాఠశాలల సంగతి వేరు. బడి తెరచినది మొదలు వేసవి సెలవులవరకు పిల్లలు వసతిగృహములలో నుందురు. పండుగలకు మాత్రము ఇండ్లకు పోయి వత్తురు. వారి చదువునకు ఇది మహోపకారమే. కాని ఇంటియొద్ద చేతికి పట్టువడిన పశుపరిచర్య ఆ నెలలన్నియు మరుగున పడిపోవును. వసతిగృహముల ఆవరణలయందు కూడ కుక్కలుండును, పిల్లులుండును, పిచ్చుక గూళ్ళుండును. మిగిలిన అన్నమును కుక్కలకు గోడమీదుగా విసరివేయుటకు బదులు, ఒక నిర్ణీత స్థలమున, నిర్ణీత వేళకు, వంతులవారీగా పిల్లలే పెట్టునట్లు చేసి, ప్రక్కనే మట్టి మూకుడులో నీళ్ళుంచినచో ఖర్చు ఏమియు లేదు. ఏ కుక్కకు గజ్జి పట్టినది, ఏది ఈనినది, ఏది కుంటుచున్నది అని ఒక పుస్తకమున వ్రాయించినచో అది వ్రాతకు వ్రాతయు నగును, పరిశీలనకు పరిశీలనయు నగును. ఆ కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకాలు వేయించు పూచీ మాత్రము పెద్దలది.

ఇక క్రూరత్వమును గూర్చి. పిల్లలు చేయు క్రూరకార్యములలో చాలభాగము ద్వేషము వలన పుట్టినవి కావు; పెద్దలను చూచి నేర్చుకొన్నవి, లేక ఏమగునో చూతమను కుతూహలమున చేసినవి. బండి ఎద్దు నడువలేక నిలిచిపోయినపుడు తండ్రి ముల్లుకర్రతో పొడిచినచో కుమారుడు దానినే విద్యగా గ్రహించును. కాడి ఒరసి మెడ పుండు పడిన ఎద్దును మానువరకు విశ్రమింపనిచ్చి, పుండు కడిగి ఈగలు వాలకుండ మందు పూయు తండ్రిని చూచినవాడు ఆ విద్యను గ్రహించును. వారపు సంతకు కోళ్ళను కాళ్ళు కట్టి, తలక్రిందులుగా కావడికి వ్రేలాడదీసి, ఎండలో మైళ్ళకొలది మోసికొని పోవుట మన్యములోనే గాక మైదానములందును నిత్యము కనబడు దృశ్యము. అదే కోడిని వెదురు గంపలో పెట్టుకొని పోవుటకు శ్రమ కొంచెమే ఎక్కువ. అల్లుటకు వెదురు ఉన్నది, అల్లగల చేతులు ఉన్నవి; లేనిది ఆ ఆలోచన ఒక్కటే.

జంతువులను నిష్కారణముగా కొట్టుట, శక్తికి మించిన బరువు వేయుట, బాధ కలుగునట్లు మోసికొనిపోవుట నేరములని 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టమునకు మూలపురుషులెవరని అడిగినచో ఒక స్త్రీని చూపవలసియుండును. భరతనాట్యమునకు పునర్జీవము పోసి, మద్రాసున కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ చేయబడి, మూగజీవుల పక్షమున తానే ఒక బిల్లును సభయందు ప్రవేశపెట్టెను. ప్రభుత్వమే సమగ్రమైన చట్టమును తెచ్చునని ప్రధానమంత్రి నెహ్రూ హామీ యిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనెను. చట్టము వచ్చిన తరువాత 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలయ్యెను. ప్రాణులయెడ కరుణ చూపుట ప్రతి పౌరుని ప్రాథమిక విధియని 1976 నాటి నలువది రెండవ సవరణచే రాజ్యాంగమునందే వ్రాయబడినది. ఈ సంగతులు పిల్లలకు తెలియుట మంచిదే. కాని చట్టము ఉన్నదను భయము వలన కొట్టుట మానినవాడు చూచువారు లేనిచోట మరల కొట్టును.

మాంసాహారము తినువారికి, పండుగనాడు మేకనో కోడినో బలి యిచ్చువారికి జీవకారుణ్యము ఎట్లు చెప్పుదువని నన్ను అడుగువారు ఉన్నారు. కొండవారి ఆచారములను గూర్చి దూరమునుండి తీర్పు చెప్పుటకు నాకు అధికారము లేదు. చెప్పవలెనను కోరికయు లేదు. తానే పెంచి, పేరు పెట్టి, మేపి, రోగము వచ్చినపుడు రాత్రియంతయు మేల్కొనిన మేక విలువ ఆ ఇంటివారికి తెలిసినంతగా, అంగడిలో మాంసము కొనుక్కొని పోవు మనకు తెలియదు. కాని ఒక్క మాట మాత్రము వారికిని మనకును సమానముగా వర్తించును: చావవలసిన జంతువుకైనను బ్రతికినన్నినాళ్ళు దప్పి, భయము, హింస లేకుండ బ్రతుకుటకు హక్కు కలదు. రాటకు కట్టిన మేకను పిల్లలు చుట్టుముట్టి తోక లాగుచు, పుల్లలతో పొడుచుచు నవ్వుచుండగా పెద్దలు చూచి ఊరకుండరాదు. దానికి నీళ్ళు పెట్టి నీడన కట్టుమని ఆ పిల్లలలోనే ఒకనికి పని చెప్పినచో అల్లరి తానే ఆగిపోవును.

వ్యాధులను గూర్చి పిల్లలకు తెలియవలసినది చాల కలదు. ఆవు నోట చొంగ కార్చుచు, మేత ముట్టక, నోటిలోను గిట్టల సందునను పుండ్లు పడి కుంటుచుండెనేని అది గాలికుంటు వ్యాధి. ఒక ఆవునకు వచ్చినచో దినములలో మందకంతటికిని ప్రాకును. తొలకరి వానలతో గొంతువాపు, జబ్బవాపు వచ్చును. ఇవి వచ్చిన పశువు ఒకటి రెండు దినములలోనే చచ్చిపోవుట కలదు. వీటికన్నింటికిని టీకాలు ఉన్నవి. గాలికుంటును నిర్మూలించుటకై 2019లో కేంద్ర ప్రభుత్వము దేశవ్యాప్తముగా ఒక కార్యక్రమమును ప్రారంభించి, టీకాలను ఉచితముగా వేయించుచున్నది. 1962 అను నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు కూడ నున్నది. అయినను టీకా వేయువారు దిగువ ఊరికి వచ్చిన దినమున ఎగువ గూడలోని పశువులు కొండమీద మేయుచుండును. కబురు అందునప్పటికి వారు వెడలిపోవుదురు. ఇక్కడనే బడిపిల్లల ఉపయోగము. ఏ నెలలో ఏ టీకా, మన ఇంట ఎన్ని పశువులు, దేనికి వేసిరి, దేనికి వేయలేదు అని ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించిన పిల్లవాడు ఆ యింటికి చేయు మేలు ఇంతింత యనరాదు. తాను వ్రాసిన అక్షరము వలన తన ఆవు బ్రతికినదని తెలిసిన బాలునికి చదువు ఎందుకని మరి యెవరును చెప్పనక్కరలేదు.

దయ యనగా నిర్భయముగా ప్రతి జంతువును తాకుట కాదని కూడ పిల్లలకు చెప్పవలెను. ముఖ్యముగా కుక్కలయెడ. పిల్లలకు పాలిచ్చు కుక్క దగ్గరకు పోరాదు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను కదిలింపరాదు. తెలియని కుక్క మీదికి వచ్చినపుడు పరుగెత్తక, రాయి యెత్తక, చేతులు దగ్గరకు ముడుచుకొని చెట్టువలె కదలక నిలువవలెను. కుక్క కరచెనా, గీరెనా, వెంటనే సబ్బుతో ధారగా పడు నీటిలో పదునైదు నిమిషములపాటు గాయమును కడుగవలెను. పసర్లు, సున్నము, కారము పెట్టుటవలన మేలు లేకపోగా కీడు కలదు. కడిగిన పిమ్మట ఆలస్యము చేయక ప్రభుత్వాసుపత్రికి పోయి సూదిమందు మొదలుపెట్టి, చెప్పిన దినములన్నింటను పూర్తిగా వేయించుకొనవలెను. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు బయటపడిన పిదప మనుష్యుడు బ్రతుకుట దాదాపుగా లేదు. అవి బయటపడకమునుపు, ఆలస్యము లేక పూర్తిగా వేయించుకొన్న సూదిమందు కాపాడును. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చర్ ఈ మందును మొట్టమొదట ఇచ్చినది తొమ్మిదేండ్ల జోసెఫ్ మీస్టర్ అను బాలునికే. ఆ బాలుడు బ్రతికెను. మన దక్షిణదేశమున కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలసినది.

పిచ్చికుక్క వ్యాధి కలదని అనుమానింపదగిన జంతువుల కాటుకు గురియగువారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లలోపు పిల్లలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అందుచేత తల్లిదండ్రులకు చేతులు జోడించి ఒక విన్నపము. కుక్క కరచినదని చెప్పినచో తిట్టుదురని, కొట్టుదురని భయపడి పిల్లలు గాయమును దాచుదురు. కుక్కపిల్ల పంటి గీత చిన్నదే కదా యని ఊరకుందురు. చెప్పిన పిల్లను మెచ్చుకొనుడు. ఎందుకు పోతివని అడుగుటకు తరువాత కావలసినంత కాలము ఉండును.

అడవి జంతువుల మాటకు వత్తును. ఉండేలు పట్టని కొండ బాలుడు అరుదు. పంటమీద వాలు పిట్టలను మంచెమీదినుండి కేక వేసియో, డప్పు కొట్టియో తోలుట వ్యవసాయము. గూటిలోని పిల్లలకు ఆహారము తెచ్చుచున్న పిట్టను గురిచూచి కొట్టుట వేరు. పాపమని ఒక్క మాటలో తేల్చివేయుటకంటె, అడవి యెట్లు బ్రతుకుచున్నదో చూపించుట మేలు. జీలుగు చెట్టు మన్యమున ప్రతివారికిని ప్రియమైనది గదా! దాని పండ్లను మానుపిల్లి రాత్రులయందు తిని, గింజలను కొండంతట విడుచును. ఆ గింజలనుండి కొత్త జీలుగులు మొలచును. మానుపిల్లిని చంపుచు పోయినచో జీలుగును నాటువాడొకడు తగ్గిపోయినట్లే. తేనెపట్టును మంట పెట్టి మొత్తముగా కాల్చివేసినవారికి ఆ యేటి తేనె దక్కును. పిల్లలుండు భాగమును విడిచి తేనె భాగమును మాత్రము కోసికొన్నవారికి ఆ పట్టునందే మరల తేనె దక్కును. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ కొండతేనెను కొనుచుండుటచే ఈ లెక్క పిల్లలకు సులభముగా బోధపడును. రామచిలుకను పట్టి పంజరమున పెట్టుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఇప్పుడు అది మన రాష్ట్రపక్షి కూడను. ఇంటి చూరుక్రింద పంజరములో నున్న చిలుక పలుకులు విని మురియు పిల్లను, ప్రాతఃకాలమున తోటలోనికి తీసికొనిపోయి, మ్రాని తొర్రలోనికి వచ్చిపోవు చిలుకల జంటను చూపుడు. ఆ పిల్లయే పంజరము తలుపు తెరచుమని కోరును.

ఏనుగుల విషయము అన్నింటికంటె కష్టమైనది. 2007 ప్రాంతమునుండి ఒడిశాలోని లఖారి లోయ వైపునుండి ఏనుగులు ఉత్తరాంధ్రములోనికి దిగుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో కురుపాము, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలముల పొలములలో ఒక గుంపు తిరుగాడుచు వరిని, చెరకును, అరటిని త్రొక్కి తినివేయుచున్నది. మనుష్యులు కూడ ప్రాణములు కోల్పోయిరి. రాత్రి దొడ్డిలోనికి పోవుటకు భయపడు పిల్లలకు ఏనుగును ప్రేమింపుమని ఏ ముఖముతో చెప్పుదుము? తన యేటి పంట ఒక్క రాత్రిలో నేలమట్టమైన రైతు కంటనీరు తుడువకుండ అతని బిడ్డకు జీవకారుణ్యమును ఉపదేశించుట న్యాయము కాదు. నష్టపరిహారము వెంటనే అందవలెను. కాపలా సిబ్బంది రాత్రింబవళ్ళు ఉండవలెను.

అయినను, 2023 మే నెలలో ఇదే జిల్లాలోని భామిని మండలము కాట్రగడ-బి గ్రామమువద్ద పొలములోని విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట ప్రాణములు విడిచినపుడు, ఏనుగులచే నష్టపడిన ప్రాంతపు జనులే వాటికి పసుపు కుంకుమలు పెట్టి, చేతులు మొక్కి కన్నీరు విడుచుట వింత గాదు. మన్యములో భయమును దయయు ఒకే హృదయమున ఉండగలవు. వాని నడుమనుండియే పిల్లలకు చెప్పవలసిన పాఠము లభించును. ఏనుగు మన శత్రువు కాదు. అది తన త్రోవలు మూసికొనిపోయి మన త్రోవలోనికి వచ్చిన పెద్ద ప్రాణి. దానిని దూరమునుండియే గౌరవింపవలెను. రాళ్ళు రువ్వరాదు, వెంట పడి కేకలు వేయరాదు, సెల్‌ఫోనుతో బొమ్మలు తీయుటకై దగ్గరకు పోరాదు, కనబడినచో పెద్దలకును అటవీశాఖవారికిని కబురు చేసి, ఇంటిలోనే ఉండవలెను. దూరముగా నుండుట కూడ కరుణలో ఒక భాగమని ఈ జిల్లా పిల్లలు నేర్చుకొన్నంత స్పష్టముగా మరి యెవరు నేర్చుకొనగలరు?

ఉపాధ్యాయ మిత్రులతో రెండు మాటలు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని నూరేండ్లకు పైగా ముందే సంకల్పించి, సవర భాషను తాను నేర్చి, పాఠ్యపుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు నడిపిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఈ కొండలకు పొరుగుననున్న పర్లాకిమిడిలోనే జీవించిరి. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. పిల్లవానికి తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనన్నది ఆయన నడచిన బాట. జంతువుల పాఠమును కూడ అట్లే చెప్పుడు. సింహము, జిరాఫీలతో మొదలు పెట్టక, నీ ఇంటి ఆవు పేరేమి, అది నిన్ను ఎట్లు గుర్తుపట్టును, కోడి పొదుగునపుడు గ్రుడ్లను ఎందుకు త్రిప్పును అని వారి భాషలో అడుగుడు. చెప్పుటకు వారియొద్ద ఉన్నంత సామగ్రి పుస్తకములయందు లేదు.

మరియొక మాట. కుక్కను రాయితో కొట్టినందుకు పిల్లవానిని బెత్తముతో కొట్టకుడు. బలవంతుడు బలహీనుని కొట్టవచ్చునని వాడు మరల నేర్చుకొనును. వానిచేతనే ఆ కుక్కకు వారము దినములు అన్నము పెట్టింపుడు. మొదటి దినమున కుక్క వానిని చూచి పారిపోవును. రెండవ దినమున దూరమున నిలుచును. అది ఏనాటికి దగ్గరకు వచ్చునో వాడే కనిపెట్టి చెప్పవలెను.

వేసవి సెలవులకు పిల్లలు ఇండ్లకు పోవునపుడు తక్కిన ఇంటిపనులతోపాటు ఒక చిన్న పట్టికను చేతికి ఇచ్చి పంపుడని ఆశ్రమ పాఠశాలల ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాను. ఇంటనున్న ఆవులు, ఎడ్లు, మేకలు, కుక్కలు ఎన్ని, ఏ టీకా ఎప్పుడు వేసిరి, ఏ పశువుకు ఏ జబ్బు చేసినది, మందలో ఈ యేడు ఎన్ని చచ్చినవి, గూడకు నీటి వసతి ఎంత దూరము అను ప్రశ్నలు అందులో చాలును. జూన్ నెలలో బడి తెరచునప్పటికి ఎగువ గూడల పశువుల వివరములు పిల్లల చేవ్రాతలో సిద్ధముగా నుండును. ఆ కాగితములను కట్టగట్టి మండల పశువైద్యాధికారికి అందజేయుడు. వానలు ముదిరి కొండదారులు తెగిపోకమునుపే ఏ గూడకు ముందుగా పోవలెనో ఆయన నిర్ణయించుకొనగలడు.